సునీత రెండోసారి పరీక్షకి వెళ్ళినప్పుడు

స్నేహా, ఆరోజు నువ్వు ఫోన్లో అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. "అమ్మమ్మా, నర్సింగు లైసెన్సు పరీక్షకి హైదరాబాదు సెంటరు పెట్టుకోనా, బెంగుళూరా? దూరం వెళ్ళి రాస్తే ఆ టెన్షన్‌కే పోతుందంటున్నారు" అన్నావు. నాకు పరీక్షల సంగతి ఏం తెలుసమ్మా. దగ్గరుండి చూసింది ఒక్కటే, మీ సునీత అత్త ఐర్లండులో రాసిన పరీక్ష. ఆ ప్రయాణం ఉన్నదున్నట్టు చెబుతాను, నీకు పనికొచ్చేది నువ్వు తీసుకో. మీ తమ్ముడు జోయెల్‌కి రైళ్ళంటే ప్రాణం కాబట్టి ఏ రైలు ఎక్కామో, ఎక్కడ మారామో కూడా చెబుతాను.

సునీత గుంటూరు ఆస్పత్రిలో తొమ్మిదేళ్ళు నర్సుగా చేసిందని మీకు తెలుసు కదా. ఐర్లండులో, ట్రాలీ అనే ఊళ్ళో, ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా చేరింది. కేరర్ అంటే స్నానాలు చేయించాలి, తినిపించాలి, పక్కలు మార్చాలి. మందు మాత్రం ముట్టుకోకూడదు. నర్సు అనిపించుకోవాలంటే వాళ్ళు పెట్టే పరీక్ష పాసవ్వాలి. రాతది మొదటిసారే పాసైపోయింది. మిగిలింది చేతి పరీక్ష. వరసగా గదులుంటాయి. ఒక్కో గదిలో రోగిలా నటించే మనిషి ఒకరు, మార్కులు వేసే పరీక్షకులు ఒకరు. గంట మోగితే పక్క గదికి పోవాలి. అందులో మార్చిలో ఒకసారి తప్పింది. ఇప్పుడు రెండోసారి. మూడోసారి ఉండదని ఉత్తరంలోనే రాశారు. ఇదీ పోతే సునీత ఇక కేరర్‌గా ఉండిపోవడమో, తట్టాబుట్టా సర్దుకుని గుంటూరు రావడమో.

మొదటిసారి ఎందుకు పోయిందంటే, మేమంతా ఆ చోటునే తిట్టుకున్నాం. పరీక్ష పెట్టేది డబ్లిన్‌లో. ట్రాలీ ఆ దేశానికి ఈ చివర, డబ్లిన్ ఆ చివర. తెల్లవారుజామున రైలెక్కి, వానలో తడిసి, దారి తప్పి, ఆఖరి నిమిషంలో లోపలికి పరిగెత్తిందట. "ఇంత పెద్ద ఆస్పత్రి మన ట్రాలీలోనే ఉంది కదరా, ఇక్కడే పెట్టొచ్చుగా పరీక్ష" అని నేను మీ మామయ్య సుధీర్‌తో అన్నాను కూడా. వాడు నవ్వి, "వాళ్ళకి ఉత్తరం రాయమ్మా, హెడ్‌మిస్ట్రెస్ అని సంతకం పెట్టి" అన్నాడు.

తప్పిన కాగితంలో మాత్రం వేరేగా ఉంది. రెండు గదుల్లో 'రోగితో మాట్లాడలేదు' అని రాశారు. సునీతకి అదే మింగుడుపడలేదు. "నేను మాట్లాడాను అత్తయ్యా! ఒక్క మాట వదలకుండా అన్నీ చెప్పాను" అని ఎన్నిసార్లు చెప్పిందో.

ఈసారి ఒకరోజు ముందే వెళ్ళాలని, అప్పటికి ట్రాలీలో వాళ్ళ దగ్గరే ఉన్నాను కాబట్టి నేను తోడు వెళ్ళాలని అనుకున్నాం. సుధీర్‌కి సెలవు దొరకలేదు, పైగా చిన్నది ఎస్తేరుకి బడి. స్టేషన్లో ఎస్తేరు వాళ్ళమ్మని కావిలించుకుని, అచ్చం ఆ ఊరి యాసలో "యూ'ల్ బీ గ్రాండ్, మమ్మీ" అంది, బాగానే చేస్తావులే అని. తెలుగులో చెప్పవే అంటే సిగ్గుపడి వాళ్ళ నాన్న వెనక్కి పోయింది.

బుధవారం పదకొండు దాటాక రైలు. జోయెల్, అది రెండు పెట్టెల చిన్న రైలు, మన ప్యాసింజరు కంటే పొట్టిది. కిల్లార్నీ దగ్గర ఒక తమాషా చేసింది. స్టేషన్ దాటి ముందుకెళ్ళి ఆగి, మళ్ళీ వెనక్కి నడుచుకుంటూ ప్లాట్‌ఫారం మీదికొచ్చింది. ఏదో మర్చిపోయిందేమో అనుకున్నాను. రోజూ అంతేనట. దారంతా పచ్చగడ్డి, గొర్రెలు, వాన, మళ్ళీ కాస్త ఎండ. మాకు పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, ఫ్లాస్కులో టీ ఉన్నాయి. మీరెప్పుడైనా వెళితే తిండి కట్టుకునే వెళ్ళండి, ఆ చిన్న రైల్లో ఏమీ దొరకదు.

రాత్‌మోర్ అనే ఊళ్ళో ఒక పెద్దావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. పేరు నోరీన్. నా ఈడే ఉంటుంది. డబ్లిన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్తోంది. అక్కడ ముసలివాళ్ళకి రైలు ఊరికే, అందుకని నెలకోసారి వెళ్తుందట, చెల్లెలితో పోట్లాడి మూడోరోజు తిరిగొస్తుందట. సునీత ఒళ్ళో కాగితాలు చూసి ఏమిటని అడిగింది. చెప్పాం. వెంటనే కోటు చేయి పైకి లాగి బల్ల మీద చాపింది. "అయితే రోగిగా నన్ను పెట్టుకో. నాకు అన్ని రోగాలూ ఉన్నాయి, నటించక్కర్లేదు" అంది. ఇంగ్లీషులోనే అనుకోండి.

సరే అని నేను పరీక్షకురాలినయ్యాను. ముప్పై ఏళ్ళు బళ్ళో పెత్తనం చేసినదాన్ని, ఆ వేషం నాకు కొత్త కాదు. కళ్ళద్దాలు ముక్కు మీదికి దించి ఫైలు పట్టుకున్నాను. సునీత మొదలుపెట్టింది. తన పేరు చెప్పింది, చేతులు కడుక్కున్నట్టు చూపించింది, నాడి చూడొచ్చా అని అడిగింది, నొప్పేమైనా ఉందా అని అడిగింది. గడగడా, తప్పు లేకుండా. అయ్యేసరికి నోరీన్ తల వంచి సునీత మొహంలోకి చూసి మెల్లగా అంది.

"చాలా బాగా చెప్పావు. కానీ నేను ఇక్కడున్నానమ్మా."

సునీతకి అర్థం కాలేదు.

"చేయి నాది పట్టుకున్నావు. అడిగిందంతా ఆవిణ్ణి. నాకు నొప్పి ఉందో లేదో మీ అత్తగారికేం తెలుసు?"

నిజమే. సునీత మొదటినుంచీ చివరిదాకా నన్నే చూస్తూ చెప్పింది. నాక్కూడా అది తోచలేదు సుమా! నన్ను చూసి చెబుతుంటే బాగానే చెబుతోంది అనుకున్నాను. మళ్ళీ చేయమన్నాం. మళ్ళీ అంతే. మూడోసారి నోరీన్ "హలో?" అని చేయి ఊపింది. ముగ్గురం నవ్వాం కానీ సునీత నవ్వు సగంలో ఆగిపోయింది.

మ్యాలోలో రైలు మారాలి. కార్క్ నుంచి డబ్లిన్ వెళ్ళే పెద్ద రైలది. ముందే టికెట్టు తీసుకుంటే సీటు పైన మన పేరు దీపాల్లో వెలుగుతుంది, 'సునీత' అని చూసి మురిసిపోయాను. నోరీన్ వేరే పెట్టెలోకి వెళ్తూ సునీత బుగ్గ నిమిరింది. మేం కూర్చున్నాక టికెట్లు చూసే అతను వచ్చాడు. టోపీ, యూనిఫారం. అతను దగ్గరికి రాగానే సునీత చటుక్కున లేచి నిలబడి, రెండు చేతులతో ఫోన్ చూపించింది. "కూర్చో, కూర్చో, పర్లేదు" అని అతనే కంగారు పడ్డాడు.

అతను వెళ్ళాక ఫోన్ సంచిలో పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"మా నర్సింగ్ స్కూల్లో అలాగే అత్తయ్యా. సిస్టర్ ట్యూటర్ వార్డులోకొస్తే ఎక్కడున్నవాళ్ళం అక్కడ లేచి నిలబడాలి. చేతులు వెనక్కి. ఏం చేస్తున్నావని అడిగితే ఆవిడకే జవాబు. ఓసారి ఒక ముసలాయనకి తినిపిస్తూ లేవలేదని, నాలుగు రోజులు వార్డు బయట నిలబెట్టారు నన్ను."

"మార్చిలో కూడా లేచావా?"

"లేచే ఉంటాను. నాకు తెలియనే లేదు. గదిలోకి ఇంకో పరీక్షకురాలు వచ్చింది. పేషెంటుని వదిలేసి ఆవిడవైపు తిరిగి అన్నీ ఒప్పజెప్పాను. ఆవిడ ఏం రాసుకుంటోందో అనుకున్నాను. ఇదే రాసుకుంది."

రైలు వల్లా, వాన వల్లా పోయిందనుకున్నాం ఇన్నాళ్ళూ. సునీత మొహం చూస్తే, తప్పు రైలు మీదికి నెట్టే వీల్లేకపోవడమే దానికి ఎక్కువ బెంగగా ఉన్నట్టుంది. రైలైతే మార్చుకోవచ్చు. కాళ్ళని ఒక్క రోజులో ఎలా మార్చుకుంటుంది?

రెండున్నర గంటల తర్వాత డబ్లిన్‌లో హ్యూస్టన్ స్టేషన్. బయటికి రాగానే లువాస్ అనే ట్రాము. ముందు ఊళ్ళోకి వెళ్ళి పరీక్ష జరిగే చోటు చూసొద్దామని అనుకున్నాం. నాలుగు స్టాపులు, ఐదు నిమిషాల నడక. పెద్ద పాత కట్టడం. గుమ్మం దగ్గరున్నాయన మంచివాడు, పరీక్ష రేపని చెప్పినా, పెద్దదాన్నని నన్ను వరండాలో ఓ కుర్చీలో కూర్చోనిచ్చాడు. గోడవారగా కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. సునీత వాటిని చూసి నా చేయి గట్టిగా పట్టుకుంది. మరుగుదొడ్డి ఎక్కడో, లోపలికి ఏ తలుపో, నీళ్ళెక్కడో అన్నీ చూసుకున్నాం. ఇది మాత్రం నువ్వూ చెయ్యి స్నేహా, సెంటరు ఏదైనా సరే.

రాత్రికి సిటీవెస్ట్‌లో సుధీర్ స్నేహితుడి ఫ్లాటు. మళ్ళీ అదే లువాస్, కానీ జాగ్రత్త, ఎర్ర లైను దారిలో రెండుగా చీలుతుంది. ముందర పేరు చూసి ఎక్కాలి, 'సాగర్ట్' అని ఉన్నదే మనది. ముప్పావుగంట పట్టింది. ఆ స్నేహితుడి భార్య శ్రావణిది కరీంనగర్, సాఫ్ట్‌వేర్ పని. తలుపు తీస్తూనే, "ఆంటీ, రాండ్రి రాండ్రి, చలికి గడ్డకట్టిన్రా? అక్కా, నువ్వేంది గట్ల పీక్కపోయినవ్?" అంది. వేడివేడిగా పప్పుచారు, బెండకాయ వేపుడు పెట్టింది.

భోజనాలయ్యాక సంగతి చెబితే శ్రావణి సోఫా మీద పడుకుని దుప్పటి కప్పుకుంది. "నేను పేషెంట్‌ని. గుండె నొస్తుంది, కాళ్ళు నొస్తున్నయ్, మేనేజర్‌తోని తల్కాయ నొస్తుంది. మొదలుపెట్టక్కా." సునీత పక్కన స్టూలు మీద కూర్చుంది. నేను గది బయటికి పోయి, మధ్యలో ఉన్నట్టుండి తలుపు తీసుకుని రావాలి. సునీత లేవకూడదు. ఇంతే ఆట.

వచ్చాను. లేచింది. మళ్ళీ వెళ్ళి వచ్చాను. సగం లేచి కూర్చుంది. మళ్ళీ వచ్చాను. లేవలేదు కానీ మాట ఆపి నావైపు తిరిగింది. "అక్కా, నేను సచ్చిపోయిన. జర నన్ను సూడు" అంది శ్రావణి దుప్పటి లోంచి. నాలుగోసారి తలుపు పట్టుకుని నిలబడిపోయాను. ఇది సిస్టర్ ట్యూటర్ అలవాటు ఒక్కటే కాదు కదా అనిపించింది నాకు. పెళ్ళై వచ్చిన రోజునుంచీ, నేను గదిలోకి వస్తే సునీత లేస్తుంది. కూరగాయలు తరుగుతున్నా, బిడ్డకి పాలిస్తున్నా. ట్రాలీలో కూడా, పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి సోఫాలో కూలబడ్డ మనిషి నన్ను చూసి లేచేది. నేను ఒక్కసారైనా కూర్చోమన్నానా? లేదు. నాకది బాగుండేది పిల్లలూ. మీతో అబద్ధం ఎందుకు.

లోపలికొచ్చి దాని పక్కన కూర్చున్నాను.

"సునీతా, నేనొస్తే ఇకమీదట లేవకు."

"పరీక్ష అయ్యేవరకా అత్తయ్యా?"

"అయ్యాక కూడా" అన్నాను.

తలొంచుకుంది. "మీకు కోపం రాదా?"

"వస్తుందేమో. వస్తే నేను చూసుకుంటాలే. నువ్వు శ్రావణి సంగతి చూడు, పాపం పోయేట్టుంది."

మళ్ళీ బయటికెళ్ళి వచ్చాను. ఈసారి సునీత వీపు నాకేసి ఉంది. శ్రావణి చేయి పట్టుకుని, నొప్పి ఎడమవైపా కుడివైపా అని అడుగుతోంది. నేనొచ్చినట్టు కూడా చూడలేదు. అక్కడే నిలబడి చూశాను. సంతోషంగానే ఉంది. ఎక్కడో కొంచెం చివుక్కుమంది కూడా.

గురువారం పొద్దున్న ఇడ్లీ తిని ఏడున్నరకి లువాస్ ఎక్కాం. ఎనిమిదిన్నరకల్లా ఆ వరండాలో ఉన్నాం. పక్క కుర్చీలోకి ఒక మలయాళీ అమ్మాయి రొప్పుతూ వచ్చింది. పేరు జిన్సీ, తనదీ రెండోసారే. ఉండేది లూకన్, డబ్లిన్‌లోనే.

"నీకేం, ఇంటి దగ్గర సెంటరు" అంది సునీత.

"దగ్గరే నా కొంప ముంచింది చేచ్చీ" అంది జిన్సీ ఇంగ్లీషులో, చేచ్చీ అంటే వాళ్ళ భాషలో అక్క. "దగ్గరే కదా అని నిన్న డ్యూటీకి వెళ్ళాను. దగ్గరే కదా అని పొద్దున్న ముగ్గురికి వంట చేశాను. బస్సు కూడా దగ్గరే కదా అని ఇరవై నిమిషాలు రాలేదు. నువ్వు దూరం నుంచొచ్చి హాయిగా పడుకున్నావు, మొహంలో తెలుస్తోంది." తర్వాత నావైపు తిరిగి, "మిమ్మల్ని నాకు అద్దెకిస్తారా ఆంటీ?" అంది. నేను తన జడ పిన్ను సరిచేశాను.

పేర్లు పిలిచారు. సునీత నాకు చెప్పి వెళ్ళలేదు. తలుపు దాకా వెళ్ళాక గుర్తొచ్చి తిరిగి చూసింది. వెళ్ళమని చెయ్యి ఊపాను.

ఎదురుగా ఉన్న కాఫీ కొట్లో కూర్చున్నాను. ఒక టీ, ఒక స్కోన్ అనే గట్టి బన్ను. రెండున్నర గంటలు. కిటికీలోంచి వచ్చేపోయే ట్రాములు చూశాను. ఆ పిల్ల గుంటూరులో మొదటి జీతంతో వాళ్ళ నాన్నకి కళ్ళ ఆపరేషన్ చేయించింది. ఆ చేతులతో ఇంజెక్షన్ ఇవ్వనివ్వకుండా దుప్పట్లు మడతపెట్టిస్తున్నారు. అదే మనసులో తిరుగుతోంది.

పదకొండున్నరకి వచ్చింది. ఏడవలేదు, నవ్వలేదు. టీ చెప్పాను. తాగి అప్పుడు చెప్పింది.

"ఒక గదిలో అలర్జీ ఉందా అని అడగడం మర్చిపోయానత్తయ్యా. అది పోయినట్టే. మిగతావి చేశాను. నాలుగో గదిలో పేషెంటుని మంచం మీద లేపి కూర్చోబెడుతున్నాను, తలుపు తీసుకుని ఒకావిడ కాగితాలతో వచ్చింది. నా కాళ్ళు కదిలాయి. నిజంగా కదిలాయి. కానీ ఆ పేషెంటు చేయి నా భుజం మీద ఉంది. నేను తిరిగితే పడిపోతుంది కదా. తిరగలేదు."

"వచ్చినావిడ ఏమంది?"

"ఏమో. చూస్తే కదా."

ఒక గది పోతే మొత్తం పోతుందా, మిగతావి కాపాడతాయా అన్నది మాకు తెలియదు. ఒంటిగంట రైలుకి బయల్దేరి సాయంత్రం ఐదు దాటాక ట్రాలీ చేరాం. దారిపొడుగునా ఆ అలర్జీ ప్రశ్న గురించే బెంగపడింది. నేను ఓదార్చడానికి ప్రయత్నించలేదు. గుడ్లు ఒలిచిపెట్టాను, తింది.

మూడు వారాలకి నా మూడు నెలల వీసా అయిపోవచ్చింది. ఫలితం ఇంకా రాలేదు. సుధీర్ నన్ను డబ్లిన్ విమానాశ్రయం దాకా దిగబెట్టడానికి వచ్చాడు. అదే రైలు, అదే మ్యాలో, అదే గడ్డి. సునీతకి డ్యూటీ, పొద్దున్నే నన్ను కావిలించుకుని వెళ్ళిపోయింది.

రైల్లో నీ ప్రశ్న గురించే ఆలోచించాను స్నేహా. చోటు వల్ల తేడా లేదని చెప్పను. నిద్ర, వాన, దారి, మరుగుదొడ్డి, ఇవన్నీ మనిషిని లాగుతాయి. ఒకరోజు ముందు వెళ్ళు. తెలిసినవాళ్ళ ఇల్లుంటే ఉండు, ఇంటి దగ్గర సెంటరే కుదిరితే ఆ రోజు వంట నువ్వు చేయకు. కానీ మేం ఏడు నెలలు ఆ ఊరిని తిట్టుకుంటూ కూర్చుని, కాగితంలో రాసింది చదివి కూడా పట్టించుకోలేదు. హైదరాబాదైనా బెంగుళూరైనా, కుర్చీలో కూర్చోగానే నీకు ఎవరు గుర్తొచ్చి భయమేస్తుందో అది ముందు చూసుకో. నేనే గుర్తొస్తే నాకు ఫోన్ చెయ్యి, సిగ్గుపడకు.

లిమరిక్ జంక్షన్ దాటుతుండగా సుధీర్ ఫోన్ మోగింది. వీడియోలో సునీత, నర్సింగ్ హోమ్‌లో టీ బ్రేకు గదిలో ఉంది.

"అత్తయ్యా, మెయిల్ వచ్చింది. తెరవలేదు. మీరిద్దరూ ఉండగా తెరుద్దామని."

"తెరువు, తెరువు" అన్నాడు సుధీర్.

ఆమె వేలు ఫోన్ మీద పెట్టింది. అంతలో ఎక్కడి నుంచో ఎవరో ముసలావిడ "సునీతా" అని పిలిచింది, సన్నగా. సునీత తల తిప్పి చూసింది.

"ఉండండత్తయ్యా, ఆవిడ ఒక్కతే లేస్తోంది. పడిపోతుంది" అని ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తెర మీద పైకప్పు, దాని దీపం మాత్రం కనబడుతున్నాయి.

"అమ్మా, ఏంటిది!" అన్నాడు సుధీర్ జుట్టు పట్టుకుని.

"ఊరుకోరా, పనిలో ఉంది" అన్నాను. పావుగంట ఆ దీపాన్నే చూస్తూ కూర్చున్నాం. దూరంగా సునీత గొంతు వినబడుతోంది, మెల్లగా, ఒక్కో అడుగూ వేయిస్తూ. మధ్యలో ఆ ముసలావిడ ఏదో అంటే ఇద్దరూ నవ్వారు.

థర్లెస్ వచ్చింది. కొందరు దిగారు, కొందరు ఎక్కారు. రైలు కదిలాక సునీత తిరిగొచ్చింది, ఊపిరి పీల్చుకుంటూ మెయిల్ తెరిచింది. చదివింది. ఇంకోసారి చదివింది. నోటి మీద చేయి పెట్టుకుంది.

"పాసయ్యానత్తయ్యా."

సుధీర్ ఏడుస్తున్నాడు. సునీత కూడా కళ్ళు తుడుచుకుని, ఏదో చెప్పబోయి, మళ్ళీ పక్కకి చూసింది.

"ఉంటాను అత్తయ్యా, ఆవిడకి టీ ఇచ్చి వస్తా. చల్లారితే తాగదు" అని పెట్టేసింది.